హొళగుందలో జావా బండి

పాత మోటారుబండ్ల పిచ్చి పురుషులకే యుండునని మన సోదరీమణులలో పెక్కుమంది యభిప్రాయము. మా యింట నది చెల్లదు. మా దంపతులలో నొకరికి కార్లన్న ప్రీతి, మఱియొకరికి మోటారుసైకిళ్లన్న ప్రీతి. ఏది యెవరిదో మేము చెప్పనక్కఱలేదు. ఎవరి చీర కొంగునకు నల్లనూనె యంటినదో చూచి మా అత్తగారు ఏనాడో గ్రహించిరి.

గత కార్తికమున ఆదోనిలో బంధువుల గృహప్రవేశమునకు పోయితిమి. అచట పరిచయమైన మెకానిక్కొకడు, హొళగుందలో నొక కొట్టమునందు జావా మోటారుసైకిలు పదునెనిమిదేండ్లుగా పడియున్నదని చెప్పెను. భోజనము ముగియకమునుపే మేము బస్సువేళ లడుగుచుంటిమి. అతని వద్దనే 6 వోల్టుల బ్యాటరీ నొకదానిని ఎరువు తెచ్చుకొంటిమి. ప్రయాణపు సంచిలో మడతచీరెల నడుమ బ్యాటరీ యెందుకని బంధువులు నవ్విరి. ఆ కాలపు జావా బ్యాటరీ లేనిదే నిప్పురవ్వ పుట్టింపదని వారికెట్లు తెలియును?

ఆదోని చెన్నై–ముంబయి రైలుమార్గమునందలి పట్టణము, ప్రత్తి వ్యాపారమునకు ప్రసిద్ధము. మార్కెట్టు వాకిట ప్రత్తి ట్రాక్టర్ల సందున నొక డీసెలు బుల్లెట్టు కనబడినది. ఎన్‌ఫీల్డువారు 325 సీసీల డీసెలు యంత్రమును బిగించి చేసిన యీ బండి 2000 సంవత్సర ప్రాంతమున, పొగను గూర్చిన నిబంధనలు బిగియుటతో నిలిచిపోయినది. గంటకు 60 కిలోమీటర్లు దాటుమన్న మొఱాయించును. కూర్చున్నవారి పండ్లు టకటకలాడును. అయినను తక్కువ నూనెతో ఎక్కువ దూరము పోవునని రైతులు దానిని విడువలేదు. పెట్రోలు బుల్లెట్టును గౌరవింతుము గాని, దాని చప్పుడు విని పరవశులగు పడుచువాండ్రతో మేమేకీభవింపము.

హొళగుందకు పోవు దారి పొడవునను నల్లరేగడి భూములు. వాన కురిసిన యీ మన్ను చక్రమునకును మడ్‌గార్డునకును నడుమ పట్టుకొని బండిని కదలనీయదు. పుల్లతో గీకుచు నడిపించుకొని పోవలసినదే. తుంగభద్ర దిగువ కాలువ నీరు పాఱినచోట వరిమడులు పచ్చగా నుండెను. బస్సులో సగము మాటలు తెలుగు, సగము కన్నడము. మా ప్రక్కన కూర్చున్న యామె, "యాడికి పోతాండారమ్మా? దేవరగట్టుకా?" అని యడిగినది. దసరా రాత్రి కఱ్ఱల సమరము జరుగు మాళమల్లేశ్వరుని కొండ ఈ మండలమునందే యున్నది. మేము పాత మోటారుసైకిలును చూడబోవుచున్నామనగా, ఆమె మమ్ము తలనుండి పాదము వఱకు చూచి కిటికీ వైపు తిరిగినది.

ఇల్లు మట్టిమిద్దె. యజమానురాలు డెబ్బదియైదేండ్లు దాటిన అవ్వ. కొట్టములో ప్రత్తికట్టెల మోపుల క్రింద బండి యున్నది. సీటుపై కోడి యొకటి పొదుగుచున్నది. అవ్వ దానిని గంపలోనికి మార్చి, గ్రుడ్లు సరిచూచుకొని, అటుపిమ్మట మమ్ము దగ్గఱకు రానిచ్చినది.

జావా యనగా ద్వీపము పేరని పలువురు తలంతురు. 1929లో చెకోస్లొవేకియాలో జానెచెక్ అనునాతడు వాండరర్ అను కంపెనీ బండ్లు చేయు హక్కును కొని, రెండు పేర్ల మొదటి యక్షరములను కలిపి యీ పేరు పెట్టెను. మైసూరులో 1961నుండి ఇవి తయారైనవి. 1973నుండి యెజ్డీ యను పేర వచ్చినవి. 1996లో ఆ కర్మాగారము మూతపడినది. 2018లో వేఱొక సంస్థ జావా పేరును మఱల తెచ్చినది. ఆ క్రొత్తవి చక్కనివే, కాని వానిలో మేము పాతదానిని వెదకుకొనము.

ఈ బండి 1968 నాటిది, 250 సీసీలది. కిక్కు కొట్టు కడ్డీయే లోపలికి త్రోసిన గేరు కడ్డీ యగుట దీని విశేషము. యంత్రము ఒక్కటే యైనను ఇరుప్రక్కల రెండు పొగగొట్టములు. పెట్రోలులోనే లీటరునకు 30–40 మిల్లీలీటర్ల నూనె కలుపవలెను. మఱచినచో పిస్టను పట్టుకొనిపోవును. మొదట మేము కిక్కును చేతితో మెల్లగా నొక్కి చూచితిమి. కదలినది! టాంకుపై వెండిమలాము లేచిపోయినది, సీటును ఎలుకలు కొఱికినవి, అయినను యంత్రము సంఖ్యయు, చట్రము సంఖ్యయు చెక్కుచెదరలేదు. క్రొత్తరంగు పూసిన పాతబండికంటె తుప్పుపట్టిన పాతబండినే మేము నమ్ముదుము.

"పాత సామాన్లాయన నాలుగు వేలిస్తానన్నాడు. మీరు ఐదు వేలిచ్చి తీసకపోండి" అన్నది అవ్వ.

మేము వేపచెట్టు క్రిందికి పోయి తర్కించుకొంటిమి. బాగుచేసిన ఇట్టి బండికి బెంగళూరులో లక్షకు మించి యడుగుట మేము చూచినదే. బాగుచేయకున్నను దీని వెల ఐదువేలకు పలురెట్లుండును. మాలో నొకరు "ఆమె యడిగిన వెల ఇచ్చుట దొంగతనమా?" అనిరి. రెండవవారు లాంబ్రెట్టాను జ్ఞాపకము చేసిరి.

ఆ సంగతి చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. పండ్రెండేండ్ల క్రిందట ఎఱిగినవారి యింట లాంబ్రెట్టా స్కూటరును రెండువేలకు కొని, నెల తిరుగకమునుపే ఇరువదివేలకు అమ్మితిమి. ఆ యిల్లాలికి తరువాత తెలిసినది. ఒక పెండ్లిలో ఎదురుపడి, ఒక్కమాటయైన అనక, మా చేతికి కాఫీ గ్లాసునిచ్చి వెడలిపోయినది. ఆ కాఫీ గొంతు దిగుటకు చాలసేపు పట్టినది.

కావున వెల యెంతయుండునో అవ్వతో ఉన్నదున్నట్లు చెప్పితిమి. ఆమె మా ముఖములను తేఱిపాఱజూచి, "కొనేటోళ్లే ఇంత చెప్తాండారంటే, ఇంకా శానా ఎక్కువే ఉంటాది" అన్నది. మాకు నవ్వు వచ్చినది, కొంచెము ఏడుపును వచ్చినది.

పిమ్మట ఆమెయే పెట్టె తెఱచి రిజిస్ట్రేషను పుస్తకము తెచ్చినది. అది గతించిన భర్త పేరనే యున్నది. ఇది యొక్క అవ్వ సంగతియే కాదు. ఎన్ని యిండ్లలో యజమాని పోయిన పిదప బండి కాగితములు బీరువాలో అట్లే పడియుండుటలేదు? యజమాని మరణమును ముప్పది దినములలో రవాణా కార్యాలయమునకు తెలిపి, మూడు నెలలలో ఫారము 31తో వారసుల పేరునకు మార్చుకొనవలెను. ఆలస్యమైన రుసుము పెరుగును గాని హక్కు పోదు. కాగితములు లేని బండిని కొనువాడు వెల సగము తగ్గించును. అట్టి బేరగాండ్రలో మేమును ఉంటిమి గనుక చెప్పుచున్నాము. 50 ఏండ్లు దాటిన బండ్లను 2021నుండి వింటేజి తరగతిలో వేఱుగా నమోదు చేయుదురు. కాని ఆ పిమ్మట వానిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప నిత్యము నడుపరాదు. నడువని బండిని పూజాపీఠముపై పెట్టుట మాకు రుచింపదు.

అవ్వ మనుమడు పెట్రోలు తెచ్చెను. పాయింట్లను గరుకుకాగితముతో రుద్ది, కార్బురేటరు విప్పి కడిగి, ప్లగ్గు మార్చి, బ్యాటరీ తగిలించితిమి. ఎన్ని కిక్కులైనవో లెక్కించలేదు. కుడికాలు నొప్పెట్టి యెడమకాలికి మార్చిన పిదప గుఱ్ఱుమన్నది. కొట్టమంతయు నీలిపొగ నిండినది. కోళ్లు మిద్దెపై కెగిరినవి.

అవ్వ ముక్కునకు కొంగు అడ్డము పెట్టుకొని, గోడ నానుకొని నిలుచున్నది. "దీని మీదనే సిరుగుప్పకు పోయి విత్తనాలు తెచ్చేటోడు. పెద్దోడు పుట్టేటప్పుడు నొప్పులొస్తే ఆదోని ఆసుపత్రికి దీని మీదనే తీసకపోయె. నడుమ దావలో నేను గట్టిగా తిట్టినాను" అన్నది.

సాయంకాలపు బస్సున తిరిగి వచ్చితిమి. బ్యాటరీని అచటనే వదలివచ్చినందుకు మెకానిక్కునకు వెల చెల్లించితిమి. ఫారము 31 నింపి అవ్వకు పంపితిమి. మనుమడు దానిని కార్యాలయములో ఇచ్చివచ్చెనట. మేమిరువురము నెలకొకసారి ఫోను చేసి యోగక్షేమము లడుగుదుము. అవ్వ బాగుగ మాటలాడును, కోడి పదునొకండు పిల్లలను లేపినదని కూడ చెప్పినది. బండి వెల మాత్రము ఇంకను చెప్పలేదు.