ఆ పత్రం మీద ‘వద్దు’ అని రాశాను



దసరా సెలవులకు గడివేముల దగ్గర మా అత్తగారి ఊరికి వెళ్లాం. పన్నెండేళ్ల మా పాప చెప్పుల్లేకుండా పొలంలో తిరుగుతుంటే అరికాల్లో తుమ్మముల్లు లోతుగా దిగింది. పశువుల ఎరువు తోలిన నేల అది. "ముల్లే కదమ్మా, పసుపు పెడితే మానిపోతాది" అన్నారు అత్తమ్మ. తుప్పు పట్టిన మేకు కాదు కదా అని నేనూ ఊరుకోబోయాను. మనసొప్పక గాయాన్ని సబ్బుతో, ధారగా పోసిన నీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

డాక్టరుగారు మొదట అడిగింది ఒక్కటే: "పదేళ్లప్పటి టీడీ టీకా వేయించారా?"

వేయించలేదు. రెండేళ్ల కిందట బడి నుంచి అనుమతి పత్రం వచ్చింది. మర్నాడు పరీక్ష. జ్వరం వస్తుందేమోనని ‘వద్దు’ అని రాసి సంతకం పెట్టాను. తర్వాత వేయిద్దామనుకుని మరిచిపోయాను. ఐదేళ్లప్పుడు వేసిందే చివరిది.

డాక్టరుగారు వెంటనే టీకా వేసి, విడమరచి చెప్పారు. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు. ఆ క్రిమి మట్టిలో, పేడలో ఏళ్ల తరబడి ఉంటుంది. గాలి తగలని లోతైన గాయంలో పెరిగి విషం తయారు చేస్తుంది. సాధారణంగా 3 నుంచి 21 రోజుల్లోపు దవడలు బిగుసుకుంటాయి, మింగడం కష్టమవుతుంది, ఒళ్లు విల్లులా వంగిపోతుంది. అప్పుడిక ఐసీయూలో విరుగుడు ఇంజెక్షన్, యాంటీబయాటిక్, కండరాలు సడలించే మందులతో వారాల తరబడి పోరాటమే. అప్పటికే నరాలను పట్టిన విషాన్ని ఏ మందూ విడిపించలేదు. ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకూ టీకా వేయాల్సిందే.

బాలింతల్లో, పసికందుల్లో ధనుర్వాతాన్ని నిర్మూలించిన మొదటి రాష్ట్రంగా 2003లో మన ఆంధ్రప్రదేశ్‌కు గుర్తింపు వచ్చింది. 2015లో దేశానికంతా వచ్చింది. కానీ క్రిమి మన నేలలోనే ఉంది. మనల్ని కాచేది టీకాయే.

మా పాప కాలు వారంలో మానింది. నా సంతకం మాత్రం ఇంకా గుచ్చుకుంటోంది.

ఈ రాత్రి మీ పిల్లల టీకా కార్డు ఒకసారి తీసి చూడండి. పసితనంలో 6, 10, 14 వారాలకు వేసినవి, ఏడాదిన్నరప్పుడు, 5-6 ఏళ్లప్పుడు వేసిన బూస్టర్లు చాలామందికి పూర్తయి ఉంటాయి. మనం మరిచిపోయేవి 10 ఏళ్లకు, 16 ఏళ్లకు వేసే టీడీ. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో అవి ఉచితం. తప్పిపోయి ఉంటే డాక్టరును అడిగి ఇప్పుడైనా వేయించండి.

ఈసారి బడి నుంచి పత్రం వస్తే పరీక్షల తేదీ చూడకండి. ముందు టీకా కార్డు చూడండి.