పడవెక్కి వచ్చిన రైలింజను

పిల్లలూ, రైలింజను పడవెక్కి రావడం ఎప్పుడైనా విన్నారా? మన విన్నిపెగ్‌కి మొట్టమొదటి ఇంజను అలాగే వచ్చింది.

నేను పుట్టి పెరిగింది గుంతకల్లులో. రైలు కూతతో నిద్రలేచిన వాణ్ణి కాబట్టి ఏ ఊరు వెళ్ళినా అక్కడి రైళ్ళ సంగతి తెలుసుకోవడం నాకు సరదా. అలా తెలిసిన ముచ్చట్లే ఇవి.

1870లో మానిటోబా ప్రావిన్సు ఏర్పడి, విన్నిపెగ్ దాని రాజధాని అయింది. 1873లో నగరంగా ప్రకటించేనాటికి ఇక్కడున్నది 1,869 మంది. మనవైపు ఓ మాదిరి పల్లెటూళ్ళోనే అంతకన్నా ఎక్కువ జనం ఉంటారు! తూర్పున ఒంటారియో నుంచి రావాలంటే దారి పొడుగునా బండలు, అడవులు, బురదనేలలు. సులువైన దారి దక్షిణాన, అమెరికా మీదుగా.

1877 అక్టోబరు 9న ‘కౌంటెస్ ఆఫ్ డఫరిన్’ అనే ఇంజను రెడ్ రివర్ మీద పెద్ద పడవలో వచ్చింది. ఆ పడవని ఒక స్టీమరు తోసుకొచ్చింది. చూడటానికి ఊరంతా ఒడ్డుకి చేరిందట. మరుసటి ఏడు డిసెంబరులో ఎమర్సన్ దగ్గర సరిహద్దు దాటే రైలు దారి పూర్తయింది. కెనడా నేల మీదుగానే తూర్పు నుంచి పడమటికి పట్టాలు కలిసింది 1885లో. అందాకా తూర్పు నుంచి పూర్తిగా రైల్లోనే రావాలంటే పక్క దేశం తిరిగి రావలసిందే. సెలవుల్లో ఫార్గో వెళ్తూ మనం దాటే సరిహద్దు అదే.

ఇంజనుకి రెండేళ్ళ ముందు, 1875లో, ఐస్‌లాండు వాళ్ళు ఆ నది మీదే విన్నిపెగ్ చేరి, ఇంకా ఉత్తరాన గిమ్లీలో స్థిరపడ్డారు. మరుసటి చలికాలం మశూచికి వందమందికి పైగా పోయారు. అయినా 1877లో, ఇంజను వచ్చిన ఏడాదే, తమ భాషలో ‘ఫ్రామ్‌ఫారి’ అనే పత్రిక అచ్చువేశారు. తర్వాత విన్నిపెగ్‌లో వాళ్ళు పెట్టిన రెండు పత్రికలు 1959లో ఒకటై, ‘లోగ్‌బెర్గ్-హైమ్స్‌క్రింగ్లా’ పేరుతో ఇప్పటికీ వస్తున్నాయి. కానీ అందులో ఇప్పుడు చాలావరకు ఇంగ్లీషే.

ఇది తెలిసినప్పుడు మనసు చివుక్కుమంది. అంత పట్టుదల ఉన్నవాళ్ళకే అలా అయితే, మన మాటేమిటి?

మా అమ్మాయికి వాళ్ళ జేజి (మావైపు నాయనమ్మని అలాగే అంటాం) ఫోన్లో చెప్పేదంతా అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది. “ఏమంటాందిరా పాప?” అని మా అమ్మ నన్నడుగుతుంది. ఇద్దరి మధ్యా నేను దుబాసీని. నేను పక్కన లేనినాడు వాళ్ళేం మాట్లాడుకుంటారు? అందుకే మైనస్ ముప్పైలో కూడా కారు ప్లగ్గు పీకి, మంచు గీకి, పాపని తెలుగు బడికి తీసుకొస్తాను.

పిల్లలూ, మీకో చిన్న పని. వచ్చే ఏడాది సంచికకి మీరే నాలుగు వాక్యాలు తెలుగులో రాసివ్వండి. మన ఊరి గురించి, నది గురించి, రైలు గురించి, ఏదైనా సరే. తప్పులుంటే దిద్దడానికి మేమున్నాం. అచ్చయ్యాక మీ అమ్మమ్మకో, తాతయ్యకో ఫోన్లో మీరే చదివి వినిపించండి.