ఊరి పద్దు

నేను బ్యాంకులో చేరిన రోజున మా మేనేజరుగారు చెప్పిన మొదటి మాట ఇది. "ఎవరి ఖాతాలో ఎంత ఉందో వారికి తప్ప ఇంకొకరికి చెప్పకూడదు. ఇంట్లోవాళ్ళకు కూడా." ముప్పయ్యేళ్ళుగా ఆ మాట తప్పలేదు. అటువంటి నేను మా ఊరి చెరువు విషయంలో నోరు జారాను. ఆ సంగతి నలుగురితో చెప్పుకుంటే నాకు బరువు తగ్గుతుంది, చదివేవారికి కొంత ఉపయోగపడుతుంది అని ఇది రాస్తున్నాను.

మాది ఆలంగుళం దగ్గర చిన్న పల్లె. విరుదునగరం జిల్లాలో సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న ఆలంగుళం. నల్లరేగడి నేల, వానే ఆధారం. ఇంట్లో తెలుగు, వీధిలో రెండు భాషలూ, కాగితం మీద తమిళం. చెరువు నిండితేనే మా వాళ్ళ ముఖాల్లో కళ.

2022లో చెరువు పూడిక తీయడానికి డబ్బు మంజూరైంది. జేసీబీ వచ్చింది, కొన్నాళ్ళు తవ్వింది, వెళ్ళిపోయింది. సగం చెరువు అట్లాగే ఉండిపోయింది. అప్పుడు మా వార్డు మెంబరు నాకు వరసకు బావ, పెదనాన్నగారి అల్లుడు. టీ కొట్టు దగ్గర ఎవరో "డబ్బు ఏమైందో" అన్నారు. నేను ఊరుకోవచ్చు. "మంజూరైన డబ్బు దానంతట అది ఎక్కడికి పోతుంది? లెక్క తెలిసినవాణ్ణి చెబుతున్నాను" అన్నాను. సాయంత్రానికి అది "బ్యాంకాయనే చెప్పాడు" అయి ఊరంతా తిరిగింది.

బావ మా గడప తొక్కడం మానేశాడు. మా అమ్మాయి పెళ్ళికి అక్క ఒక్కతే వచ్చింది, అక్షింతలు వేసి భోజనం చేయకుండా వెళ్ళిపోయింది.

ఎనభై దాటిన మా పెద్దమ్మ, అక్క తల్లి, ఒకనాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. "ఏం నాయనా, ఆ కాగితం నువ్వు చూసినావా?"

"లేదు పెద్దమ్మా."

"చూడకుండా ఎట్ల చెబితివి? ఊరి లెక్క అడిగేదానికి టీ కొట్టెందుకు, సభ ఉండాది గదా!"

నాకు తల కొట్టేసినట్లయింది. పరాయివాడి ఖాతా చూసి కూడా నోరు విప్పని నేను, చూడని లెక్క గురించి తీర్పు చెప్పాను.

2023 మే 1న గ్రామసభకు వెళ్ళాను. నేను పుట్టిన ఊళ్ళో గ్రామసభకు పోవడం అదే మొదటిసారి అని చెప్పడానికి సిగ్గుగా ఉంది. సభలో మొత్తాలు చదివారు కానీ చెరువు వివరాలు లేవు. మర్నాడు సమాచార హక్కు చట్టం కింద తమిళంలో అర్జీ రాసి, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి పంపాను. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలని చట్టం. రాలేదు. అదే ఆఫీసులో పై అధికారికి అప్పీలు పెట్టాను. అప్పుడు వచ్చి ఫైలు చూసుకోమని ఉత్తరం వచ్చింది. ఈ చట్టంలో నకళ్ళు తీసుకోవడమే కాదు, రికార్డు కళ్ళారా చూసుకునే హక్కు కూడా ఉంది. మన రాష్ట్రంలో మొదటి గంటకు రుసుము లేదు.

ఆ గంట నేను మరిచిపోలేను. ఎంత మట్టి తవ్వారో కొలిచి రాసిన పుస్తకం ఉంది. తవ్వినంతవరకే బిల్లు చెల్లించారు. మంజూరైన దాంట్లో సగానికి పైగా ఖర్చే కాలేదు. వానలు పడి చెరువులోకి నీళ్ళు రావడంతో పని ఆపారు. ఆ కాగితాల అడుగున, మిగిలిన పని మళ్ళీ మొదలుపెట్టమని కోరుతూ రెండు ఉత్తరాలు ఉన్నాయి. రెండింటి మీదా బావ సంతకం.

అక్టోబరు 2న గాంధీ జయంతి సభలో ఆ నకళ్ళు అందరి ముందూ పెట్టి, నేను అన్నది తప్పు అని లేచి చెప్పాను. తరువాత కోవిల్‌పట్టి కడలమిఠాయి పొట్లం పట్టుకుని బావ ఇంటికి వెళ్ళాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఆ కాగితం ముందే చూసుంటే బిడ్డ పెండ్లి అన్నం తినుందును గదా బామ్మర్దీ" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. మిగిలిన పూడిక తీయాలని ఆ సభలోనే తీర్మానం రాశారు. మరుసటి వేసవిలో తీశారు.

లెక్క అడగడం మనకు కొత్త కాదు. కాంచీపురం దగ్గర ఉత్తిరమేరూరు గుడి గోడ మీద పదో శతాబ్దపు చోళరాజు మొదటి పరాంతకుని నాటి శాసనం ఉంది. ఊరి వారియాల్లో, అంటే కమిటీల్లో, పనిచేసి లెక్క ఒప్పజెప్పనివాడు, వాడి దగ్గరి బంధువులు మళ్ళీ ఎన్నికకు పనికిరారని అందులో చెక్కారు. మన కాలంలో 1994లో రాజస్థాన్ పల్లెల్లో కూలీలు బహిరంగ సభలు పెట్టి, పనుల బిల్లులు, కూలీల పట్టీలు అందరి ముందూ చదివించారు. దేశంలో మొదటి సమాచార హక్కు చట్టం 1997లో మన తమిళనాడే చేసింది. దేశమంతటికీ చట్టం 2005 అక్టోబరు 12న అమలులోకి వచ్చింది. మా బ్యాంకుల లోకానికీ ఈ గాలి తగిలింది. తనిఖీ వివరాలు దాచరాదని 2015లో సుప్రీంకోర్టు రిజర్వు బ్యాంకుకే చెప్పింది.

ఇన్నేళ్ళకు నాకు తెలిసింది ఒకటే. మనిషి ఖాతా మూసి ఉంచాలి, ఊరి ఖాతా తెరిచి ఉంచాలి. ఊరి ఖాతా మూసి ఉంటే దొంగకు నీడ దొరుకుతుంది, నిజాయితీపరుడికి నింద మిగులుతుంది. మాట్లాడే హక్కు మనందరికీ ఉంది. కానీ అడిగి, చూసి మాట్లాడిన మాటకే విలువ.

మన పెద్దవాళ్ళలో చాలామందికి తమిళ కాగితం చదవడం రాదు. కష్టం చెప్పుకునే అర్జీ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వవచ్చని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది. సమాచార అర్జీ మాత్రం ఇక్కడ తమిళంలోనో, ఇంగ్లీషు, హిందీల్లోనో ఉండాలి. మన పిల్లలకు తమిళం బాగా వచ్చు. ఈసారి గ్రామసభకు అవ్వను, మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్ళండి. మనవరాలు లెక్క చదివి చెబుతుంది. ఏం అడగాలో అవ్వకు తెలుసు.