రెండు కోట్ల అరవై లక్షల కూత

2023 దసరాకి ఊరెళ్ళాను. మాది బాల్కొండ దగ్గర ఒక పల్లె. అప్పటికి రెండు వారాల క్రితమే, అక్టోబర్ 9, 10 తేదీల్లో, ప్రొ కబడ్డీ పదో సీజన్ వేలం జరిగింది. మన తెలుగు టైటాన్స్ వాళ్ళు పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నారు. కబడ్డీలో అప్పటిదాకా ఎవరికీ అంత ధర పలకలేదు. పైగా వేలానికి రెండు రోజుల ముందే ఆసియా క్రీడల్లో ఇండియాకి కెప్టెన్‌గా బంగారు పతకం తెచ్చాడు. ఎనిమిది, తొమ్మిది సీజన్లు రెండిట్లోనూ చిట్టచివర నిలిచిన జట్టుకి అభిమానిని నేను. నా ఆనందం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

వెళ్ళీ వెళ్ళగానే కాకకి చెప్పాను. ఒకప్పుడు మా ఊరి కబడ్డీ జట్టుని నడిపింది ఆయనే. చుట్టుపక్కల ఊళ్ళల్లో పోటీలున్నాయంటే పొలం పని వదిలేసి మరీ పోయేవాడు. అంతా విని ఒకటే అడిగాడు.

"జట్టుకు మొత్తం ఎంత?"

"ఐదు కోట్లు, కాకా. అంతకు మించి పెట్టొద్దని రూలు."

"ఐదుల రెండున్నర ఒక్కనికే పెడ్తె పట్టేటోళ్లకేం పెడ్తరు రా? గాయిన కూతకు పోయి పట్టువడ్డడనుకో, మల్ల లోపలికి తెచ్చేదెవ్వరు?"

కాకకి ఎక్సెల్ రాదు. నాకు వచ్చు కదా, రాత్రి కూర్చుని లెక్కేశాను. 5 కోట్లలో 2.605 కోట్లు అంటే నూటికి 52. జట్టులో కనీసం 18 మంది ఉండాలి. మిగిలిన 2 కోట్ల 39.5 లక్షలని 17 మందికి పంచితే తలా 14 లక్షల చిల్లర. ఆ వేలంలో ఏ కేటగిరీ ఆటగాడి కనీస ధరే 30 లక్షలు, బి అయితే 20, సి అయితే 13. అంటే సగటున మన దగ్గరున్నది సి కేటగిరీ వాళ్ళ డబ్బులన్నమాట.

కబడ్డీలో ఇది మరీ ప్రమాదం. క్రికెట్‌లో ఒక్కడు చివరిదాకా నిలబడి గెలిపించొచ్చు. ఇక్కడ మాత్రం కూతకి వెళ్ళినవాడు దొరికిపోతే బయట కూర్చోవాల్సిందే. మిగతావాళ్ళు పాయింటు తెస్తేనే లోపలికొస్తాడు. ఆ మిగతావాళ్ళు ఎంత బలహీనమైతే అంత ఖరీదైనవాడు అంతసేపు బెంచీ మీద. (మన బెంచీ కాదు లెండి, అక్కడ ఫ్రీ కాఫీ ఉండదు :-))

ఆ సీజన్ ఏమైందో మీకు తెలుసు. 22 మ్యాచ్‌లు, 2 విజయాలు, మళ్ళీ చివరి స్థానం.

"అయితే స్టార్‌ని కొనకూడదా?" అంటారేమో. అక్కడే నా లెక్క కూడా తప్పింది. అదే వేలంలో పుణేరి పల్టన్ వాళ్ళు ఇరాన్ ఆటగాడు షాద్‌లూయికి 2.35 కోట్లు పెట్టారు. ఇంచుమించు అంతే కదా? ఆ సీజన్ కప్పు వాళ్ళదే. 2024 మార్చి 1న మన గచ్చిబౌలిలోనే ఫైనల్‌లో హర్యానాని ఓడించారు. తేడా ఏమిటంటే, పుణే దగ్గర అస్లం ఇనాందార్, మోహిత్ గోయత్ లాంటి కుర్రాళ్ళు ఎనిమిదో సీజన్ నుంచే ఉన్నారు. పేరు రాకముందే తెచ్చుకుని, పెంచుకుని, వేలంలోకి వదలకుండా అట్టిపెట్టుకున్నారు. ఇల్లు కట్టుకున్నాక టీవీ కొన్నారు వాళ్ళు. మనవాళ్ళు టీవీ కొని గోడల కోసం వెతికారు.

ఇంకా విచిత్రం తొమ్మిదో సీజన్ది. అప్పుడు పవన్‌ని 2.265 కోట్లకి కొన్నది తమిళ్ తలైవాస్. మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. పని అయిపోయిందనుకున్న ఆ జట్టు సెమీస్‌కి వెళ్ళింది. వాళ్ళకి పాయింట్లు తెచ్చినవాడు నరేందర్ అనే కొత్త కుర్రాడు!

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఈ గోల కొత్త కాదు. అక్కడి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1994 నుంచే ఈ పరిమితి ఉంది. అప్పుడు జట్టుకి 34.6 మిలియన్ డాలర్లు, 2025లో 279.2 మిలియన్లు. కానీ అక్కడ ఆటగాళ్ళకి యూనియన్ ఉంది, లీగ్ ఆదాయంలో వాటా బేరమాడుకుని ఆ లెక్క ప్రకారమే పరిమితి పెంచుకుంటారు. బోనస్‌ని ఐదేళ్ళ దాకా పరిచి చూపించే ఈఎంఐ సౌకర్యం కూడా ఉంది. ఇక్కడ ఆ వేషాలు కుదరవు, ఏడాది డబ్బు ఏడాదికే. కాంట్రాక్టు అయిపోయినా ఆటగాడు పూర్తిగా స్వతంత్రుడు కాడు. ఎవరో ఎక్కువకి పాడితే పాత జట్టు 'ఫైనల్ బిడ్ మ్యాచ్' అని కార్డు చూపించి అదే ధరకి వెనక్కి లాక్కోవచ్చు. మన కౌంటర్ ఆఫర్ లాంటిదే. కాకపోతే కౌంటర్ ఆఫర్‌ని మనం వద్దనొచ్చు.

ఈ లెక్కని అందరికంటే ముందు చూసింది మన లక్ష్మణ్ అనుకుంటాను. 2008లో ఐపీఎల్ మొదటి వేలం, జట్టుకి 5 మిలియన్ డాలర్లు. ఐకాన్ ఆటగాడికి, జట్టులో అందరికన్నా ఎక్కువ ధర పలికినవాడి కంటే 15 శాతం ఎక్కువివ్వాలి. లక్ష్మణ్ ఆ హోదా నాకొద్దన్నాడు. డెక్కన్ చార్జర్స్ సైమండ్స్‌ని 1.35 మిలియన్లకి కొంది. లక్ష్మణ్ ఐకాన్‌గా ఉండుంటే ఆయనకి 1.55 మిలియన్లు పోయేవి, ఇద్దరికే 2.9. ఆ ఏడాది హైదరాబాద్ చివర నిలిచిందనేది వేరే సంగతి. మరుసటేడు కప్పు కొట్టిందిగా.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, కాక ఆ ప్రశ్న అడిగినప్పుడు నాకు గుర్తొచ్చింది టైటాన్స్ కాదు. 2022లో నేను చేసిన అప్రైజల్. నా కింద తొమ్మిది మంది. హైక్ బడ్జెట్ ఇంత శాతం అని పైనుంచి వచ్చింది, దానికి రూపాయి దాటకూడదు. మా టీంలో ఘనుడొకడు చేతిలో ఆఫర్ పెట్టుకుని పేపర్లు పెట్టాడు. అతను పోతే రిలీజ్ ఆగిపోతుందని భయపడి బడ్జెట్‌లో సగానికి పైగా అతనికే రాశాను. మిగతా ఎనిమిది మందికీ 'మార్కెట్ బాగోలేదు' అన్న మాట. 2022లో! వాళ్ళ ఫోన్లకి రోజూ కన్సల్టెన్సీల కాల్స్ వస్తున్నాయి, ఆ సంగతి నాకూ తెలుసు.

వాళ్ళల్లో బోధన్ అమ్మాయి ఒకరు. నాన్నగారు షుగర్ ఫ్యాక్టరీలో చేసేవారు. 2015 డిసెంబర్‌లో అది మూతపడ్డాక ఇల్లు నడిపింది ఈ అమ్మాయి జీతమే. అర్ధరాత్రి బిల్డ్ విరిగితే ముందు లేచేదీ ఆ అమ్మాయే. లెటర్ చదువుకుని, "పర్లేదు సార్" అంది. రెండు నెలలకి వెళ్ళిపోయింది, వెనకే ఇంకో ఇద్దరు. ఆ ఘనుడు మాత్రం ఉన్నాడు. విరిగిన బిల్డులు తనే చూసుకోలేక, ఎనిమిది నెలల తర్వాత అతనూ వెళ్ళిపోయాడు. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో రాసిన కారణం: "టీం సపోర్ట్ లేదు."

టైటాన్స్ నాకంటే త్వరగానే నేర్చుకున్నారు. పదకొండో సీజన్‌కి పవన్‌ని కార్డు చూపించి 1.725 కోట్లకి వెనక్కి తెచ్చుకున్నారు. అంటే మిగతా 17 మందికి సగటు 19 లక్షలు దాటింది. మధ్యలో అతను గాయపడితే విజయ్ మాలిక్ నడిపించాడు. 12 గెలుపులు, ఏడో స్థానం. 2025 వేలంలో పవన్ 59.5 లక్షలకి మళ్ళీ తమిళ్ తలైవాస్‌కి పోయాడు. మనవాళ్ళు భరత్‌ని 81 లక్షలకి కొని, ఎవరి మీదా కోటి పెట్టకుండా రెండో క్వాలిఫయర్ దాకా వెళ్ళారు. అక్కడ మళ్ళీ పుణేనే, 50-45తో ఓడాం.

ఆ రాత్రే కాక ఫోన్ చేశాడు. పుణేని ఓ రెండు తిట్లు తిడతాడనుకున్నాను.

"నలభై ఐదు తెచ్చిండ్లు రా, మంచిగనె తెచ్చిండ్లు. యాభై ఇచ్చిండ్లు. పట్టేటోళ్ల లెక్క ఇంక కుదరలె" అని, కాసేపాగి, "మల్ల వేలం ఎప్పుడు?" అన్నాడు.