నేరేడు రంగు

2024 అక్టోబర్ 3, ఎడిసన్, అమెరికా

మా వీధిలో చెట్లింకా పచ్చగానే ఉన్నాయి. షాపుల్లో మాత్రం ఆకురాలు కాలం ఎప్పుడో వచ్చేసింది, ఎటు చూసినా ముదురు లిప్‌స్టిక్కులే. ఇవి ర్యాంప్ ఎక్కింది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. న్యూయార్క్, లండన్, మిలాన్, ప్యారిస్ వరసగా చలికాలం బట్టల షోలు పెట్టేది అప్పుడే. మన పెదవుల దాకా రావడానికి ఆర్నెల్లు.

అక్టోబర్ 5

1994లో ప్యారిస్‌లో శానెల్ షోకి ఎరుపులో నలుపు కలిపి గోళ్లకి వేశారు. అక్కడ దాని పేరు రూజ్ న్వార్, అమెరికాలో వ్యాంప్. ముప్పై ఏళ్లయినా ఇంకా అమ్ముడుపోతూనే ఉంది. ఏటా అక్టోబర్లో ఎవరో ఒకరు ఆ రంగునే కొత్తగా కనిపెడతారు. ఈ ఏడు నా వంతు, కాకపోతే గోళ్లకి కాదు, పెదవులకి. ముఖం మీద ఇంకే రంగూ కొట్టొచ్చినట్టు కనిపించకూడదు.

అక్టోబర్ 6, ఆదివారం

వీడియోల్లో అమ్మాయిలు ముందు పెదవులకి కన్సీలర్ రాసి ఉన్న రంగు చెరిపేస్తారు. నేనెందుకు చెరపాలి? నా పెదవుల అంచు పుట్టుకతోనే ముదురు గోధుమ, లైనర్ ఖర్చు లేదు. లిప్‌స్టిక్ మధ్యలో వేలితో అద్ది అంచుదాకా తట్టుకుంటూ వెళ్లాను. టిష్యూని ఒక్క పొరగా విడదీసి పెదవుల మీద ఆనించి, పైనుంచి పౌడర్ బ్రష్ తట్టి, మళ్లీ ఒక పూత. కాఫీ తాగితే కప్పుకి అంటలేదు.

అమ్మ వీడియో కాల్ చేసింది. "నేరేడు పళ్లు తిన్నావేంటే?"

"ఫ్యాషనమ్మా."

"కాస్త మొహానికి పౌడరన్నా రాసుకోవే."

అక్టోబర్ 9

కళ్ల కింద నలుపు. దాని మీద నేరుగా కన్సీలర్ వేస్తే బూడిద రంగుకి తిరుగుతుంది. ముందు నారింజ రంగు కరెక్టర్ పలచగా అద్దితే లోపలి నీలిఛాయ తగ్గుతుంది, ఆ తర్వాతే కన్సీలర్. ర్యాంప్ మీద ఆ నీడల్ని అలాగే వదిలేస్తారు, చాలకపోతే షాడోతో తెచ్చిపెడతారు కూడా. మోడల్‌కి అది లుక్కు. నేను అలా ఆఫీసుకి వెళితే, "ఒంట్లో బాలేదా?"

అక్టోబర్ 12, దసరా

స్కూల్ హాల్లో బతుకమ్మ. ఇక్కడ తంగేడు దొరకదు, గుమ్మాల ముందు పెట్టుకోడానికి అమ్మే చామంతి కుండీలే దిక్కు. ఆవపిండి రంగు చీర మీదికి నేరేడు పెదవులు భలే కుదిరాయి. ర్యాంప్ మీద ఈ రంగుకి బూడిదరంగు కోటు తప్ప జోడీ దొరకదేమో! ఫ్లాష్ ఫోటోల్లో మాత్రం కొందరి ముఖాలు విభూతి పూసినట్టొచ్చాయి. కొన్ని ఫినిషింగ్ పౌడర్లలో ఉండే సిలికా ఫ్లాష్ వెలుగుని వెనక్కి కొడుతుంది. అమ్మ పౌడర్ సలహా విననందుకు సంతోషం.

అక్టోబర్ 17

లిప్‌స్టిక్ డబ్బా మీద సి.ఐ. 75470. అంటే కార్మైన్. నాగజెముడు మీద బతికే కోచినీల్ పురుగుల నుంచి తీసే ఎరుపు, ఎక్కువగా పెరూ నుంచే వస్తుంది. అత్తయ్యగారు అదే డబ్బా తీసి చూస్తున్నారు. ఉల్లిపాయ కూడా తినని మనిషి. దాచడం ఇష్టంలేక చెప్పేశాను. డబ్బా బల్లమీద పెట్టి చెయ్యి కడుక్కొచ్చారు.

కార్మైన్ లేని ఇటుక రంగుది ఇంకోటి ఇచ్చాను. ఐరన్ ఆక్సైడ్ రంగండీ, తుప్పు లాంటిదే అన్నాను.

"తుప్పైతే పర్లేదమ్మా," అని అద్దం దగ్గరికి వెళ్లారు.

అక్టోబర్ 25

ఇంట్లో హీటర్ మొదలైంది, పెదవులు పగులుతున్నాయి. మ్యాట్ రంగు పగుళ్లలో చేరి గీతలు తేలుతోంది. రాత్రి వెన్న రాసుకుని, పొద్దున తడిగుడ్డతో మెల్లగా తుడిచి, ఆ తర్వాతే రంగు. దీపావళి దాకా ఇలా లాగిస్తాను. నవంబర్లో లిప్ బామే.