టాటా నుంచి టెక్కలికి చిన్న బండి చాలు

జంషెడ్‌పూర్ సోనారిలో ఈమధ్య ఏ తెలుగింట్లో కాఫీకి కూర్చున్నా కారు మాటే. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది కదా, ఇన్నాళ్ళూ మోటారు సైకిలుతో సరిపెట్టుకున్న కుర్రాళ్ళు కూడా సంక్రాంతికి సొంత బండిలో ఊరెళ్దామని లెక్కలేస్తున్నారు. సంతోషమే. నా బాధల్లా ఒకటి. చిన్న కారు కొందామని షోరూముకి వెళ్ళినవాడు పెద్ద కారుకి అడ్వాన్సు కట్టి తిరిగొస్తున్నాడు. అక్కడి సేల్స్ కుర్రాడు అడిగేది ఒకటే ప్రశ్న: “లాంగ్ జానా హై?” మనవాడు అవునంటాడు, శ్రీకాకుళం అంటాడు. అంతే, ఇక చిన్న కారు తలుపు తీసి చూపించడం కూడా ఉండదు. దూరప్రయాణానికి ఎస్‌యూవీ కావాలట. ఆంధ్రా పల్లెల్లో రోడ్లకి ఎత్తుండే బండి కావాలట.

మొన్న మా వీధి కుర్రాడొకడు కొటేషన్ కాగితం తెచ్చి చూపించాడు. ఆదిత్యపూర్‌లో చిన్న ఉద్యోగం, సోంపేట పక్కన పల్లె, అమ్మానాన్నా అక్కడే. పన్నెండు లక్షల బండి, ఏడేళ్ళ ఈఎంఐ. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఊరికి, మిగతా రోజుల్లో వాకిట్లో కవరు కింద. ఆ కాగితం చూశాక నాకు ఆ పూట అన్నం సయించలేదు. వాళ్ళ నాన్న పొలం అమ్మకుండా కాపాడుకున్నది కొడుకు వడ్డీ కట్టడానికా?

అసలు ఆ దారి ఎలా ఉంటుందో ఆ సేల్స్ కుర్రాడికి తెలుసా? సోనారి నుంచి బయల్దేరి ఘాట్‌శిల, బహరాగోడా, బారిపదా మీదుగా బాలేశ్వర్ చేరేదాకా 18వ నంబరు జాతీయ రహదారి. అక్కడి నుంచి కటక్, భువనేశ్వర్, ఖుర్దా, చిలక సరస్సు పక్కనుంచి బరంపురం, ఇచ్ఛాపురం, సోంపేట, పలాస, టెక్కలి, అంతా 16వ నంబరు. మొత్తం ఏడు వందల కిలోమీటర్ల లోపే. ఇందులో ఎడారి లేదు, మంచు కొండ లేదు, ఈదాల్సిన ఏరూ లేదు. లారీలున్నాయి, ఆవులున్నాయి, తెల్లవారుజామున పొగమంచు ఉంది. వీటిలో దేనికీ బండి ఎత్తు పనికిరాదు. మంచి బ్రేకులు, మంచి టైర్లు, కంటినిండా నిద్రపోయి వచ్చిన డ్రైవరు ఉంటే చాలు.

ఎత్తు సంగతి ఇంకా చెప్పాలి, ఎందుకంటే ఈ గ్రౌండ్ క్లియరెన్స్ అన్న మాట వింటేనే నాకు తిక్క రేగుతోంది. టాటా టియాగో కింద 170 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. అదే కంపెనీ ఎస్‌యూవీ పంచ్ కింద 187. పెట్రోలు ఇంజను రెండింటికీ ఒకటే, 1199 సీసీ, మూడు సిలిండర్లది. తేడా 17 మిల్లీమీటర్లు, అంటే నా చూపుడు వేలు మందం. ఆ వేలెడు మందానికి మనవాళ్ళు లక్షలు పోస్తున్నారు. పైగా ఈ కొలతలు ఖాళీ బండివి. నలుగురు పెద్దవాళ్ళు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా, పనసకాయలు, పలాస జీడిపప్పు డబ్బాలు పడ్డాక ఏ బండైనా కిందికి దిగుతుంది. వెనక స్ప్రింగులు నీరసించిన పెద్ద బండి కంటే, కొత్తవి వేయించిన పాత చిన్న బండే స్పీడ్ బ్రేకరుకి తగలకుండా దాటుతుంది. ఇది నేను బహరాగోడా ఢాబా ముందు నిలబడి కళ్ళారా చూసిన సంగతి. మెరిసిపోతున్న ఎస్‌యూవీ ఒకటి, సామాను నిండుగా, మట్టిదిబ్బ మీద పొట్ట రాసుకుని ఆగింది. దాని వెనకే ఎర్ర మారుతీ 800 ఒకటి పక్కకి తిరిగి హాయిగా వెళ్ళిపోయింది.

మారుతీ 800 అంటే ఇప్పటి పిల్లలకి మ్యూజియం వస్తువు. 1983 డిసెంబరులో వచ్చి 2014 జనవరి దాకా తయారైన బండి అది. సుమారు 650 కిలోల బరువు. బురదలో దిగబడితే నలుగురు మనుషులు దిగి తోస్తే గట్టెక్కేది. ఆ తేలికదనం విలువేమిటో వానాకాలంలో ఊరి చెరువుగట్టు మీద వెళ్ళినవాడికే తెలుస్తుంది.

ఇంక మా ఊరి వీధి. ఉత్తరాంధ్ర పల్లె చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, గోడకి గోడ ఆనించి ఎదురెదురుగా రెండు వరసల ఇళ్ళు, మధ్యలో వీధి. ఆ వీధిలోనే ధాన్యం ఆరబోస్తారు, మంచాలేసుకుంటారు, పెళ్ళి పందిరి వేస్తారు. చిన్న కారైతే అద్దాలు మడిచి అమ్మ గుమ్మం ముందు ఆపొచ్చు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ నాలుగడుగులు వేసి ఎక్కుతుంది. పెద్ద బండి ఊరి మొదట్లో రావిచెట్టు కింద ఆగిపోవాలి.

అయినా ఆ వీధిలోంచే వచ్చే మాట ఏమిటి? “టాటాల ఉంటన్నావు, ఇంత సిన్న బండేటి బావా?” ఈ మాట అనని బంధువు లేడు. జంషెడ్‌పూర్‌ని టాటా అనే పిలుస్తారు మా వైపు, టాటాలో ఉన్నవాడికి కార్లు చవకగా ఇస్తారని కూడా నమ్ముతారు. వాళ్ళ మీద నాకు కోపం రాదు. ఊరు వదిలి వెళ్ళినవాడు బాగుండాలన్న ఆశే అలా బయటికి వస్తుంది. నా కోపమంతా ఆ ఆశని అమ్మకానికి వాడుకునేవాళ్ళ మీద. షోరూములో మనవాడు చూస్తున్నది బండిని కాదు, వీధి అరుగుల మీద కూర్చున్న మొహాల్ని. అమ్మేవాడికి ఆ సంగతి బాగా తెలుసు.

ఇదంతా ఈ ఊళ్ళో జరగడం నాకు మరీ కష్టంగా ఉంటుంది. మా టెల్కో, అంటే ఇప్పటి టాటా మోటార్స్, 1945లో పుట్టింది, 1954 నుంచి లారీలు చేస్తోంది. టాటా పేరున్న ఏ బండైనా, ఎక్కడ తయారైనా, ఇక్కడివాళ్ళకి సొంత బండే. 2008 జనవరిలో రతన్ టాటా ఢిల్లీలో నానో చూపించిన రోజున సోనారిలో ప్రతి టీవీ ముందూ జనమే. వానలో స్కూటరు మీద నలుగురు కుటుంబాన్ని చూసి ఆ బండి ఆలోచన పుట్టిందని ఆయన చెప్పినప్పుడు మా నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. మా కుటుంబం కూడా స్కూటరు మీద వెళ్ళినదే.

ఆ నానోని దేశం ఏం చేసింది? లక్ష రూపాయల కారు అని పేరు పెట్టి, అదే పేరుతో చిన్నచూపు చూసింది. అందులో లోపాలు లేవని నేను అనను. 15 లీటర్ల ట్యాంకు ఊరిదారికి చాలదు, 2015 దాకా వెనక డిక్కీ బయటినుంచి తెరుచుకునేది కాదు. కానీ కింద ఖాళీ 180 మిల్లీమీటర్లు, ఇప్పుడు ఎత్తు పేరుతో అమ్ముతున్న బండ్లకి దగ్గరదగ్గరగా. 624 సీసీ, రెండు సిలిండర్ల ఇంజను. వెనెస్సా ఏబుల్ అనే బ్రిటిష్ రచయిత్రి 2010లో ఆ బండిలోనే మన దేశం చుట్టూ పదివేల కిలోమీటర్లు తిరిగి పుస్తకం రాసింది. ఎక్కడినుంచో వచ్చిన ఆవిడకి పదివేల కిలోమీటర్లకి సరిపోయిన బండి మనకి ఏడు వందలకి సరిపోలేదు. 2018లో దాని తయారీ ఆగిపోయింది. ఆ వార్త విన్న రోజు నాకు ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది.

ఫ్రాన్సువాళ్ళు తమ చిన్న బండిని ఇలా వదులుకోలేదు. సిట్రోయెన్ 2సీవీ రూపకల్పనకి ముందు కంపెనీ ఇచ్చిన షరతులు వింటే ముచ్చటేస్తుంది. ఇద్దరు రైతులు, 50 కిలోల బంగాళాదుంపలు ఎక్కాలి, దున్నిన పొలంలో నడిపినా బుట్టలో గుడ్లు పగలకూడదు. బండికి బరువెంత, దారెలాంటిది, ఎక్కేదెవరు అన్నవే అందులో ఉన్నాయి, చూసేవాళ్ళు ఏమనుకుంటారన్నది లేదు. 1958లో ఇద్దరు ఫ్రెంచి కుర్రాళ్ళు ఆ బండేసుకుని బయల్దేరి ప్రపంచమంతా చుట్టి వచ్చారు. 2004లో యూరప్ నుంచి మంగోలియాకి మొదలైన మంగోల్ ర్యాలీ వాళ్ళయితే చిన్న ఇంజను బండైతేనే రమ్మంటారు.

వాళ్ళని మెచ్చుకుంటూనే ఒకటి చెప్పాలి. వాళ్ళది సాహసం, మనది ఇల్లు చేరడం. వాళ్ళ బండి దారిలో చెడిపోతే అది పుస్తకంలో ఒక అధ్యాయం అవుతుంది. మన బండి భద్రక్ దగ్గర చెడిపోతే చెల్లెలి పెళ్ళి ముహూర్తం దాటిపోతుంది. అందుకని ఆ పోలిక నేను ఇక్కడితో ఆపేస్తున్నాను.

మన దారికి మనవాళ్ళే ఉన్నారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నంలో బయల్దేరి కాశీ వెళ్ళి, కలకత్తా మీదుగా, ఒడిశా తీరం వెంట జగన్నాథం, గంజాం, శ్రీకాకుళం దాటుకుంటూ 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. ఇప్పుడు మనం నాలుగో గేరులో పోయే తీరమే అది. పల్లకీ, బోయీలు, వెంట వందమంది దాకా పరివారం. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివితే, దారిలో ఏ మజిలీలో ఏం దొరుకుతుంది, ఏ ఏరు ఎలా దాటాలి అన్న లెక్కే పుటపుటకీ కనిపిస్తుంది. ప్రయాణానికి కావలసిన తెలివి ఆ లెక్కలో ఉంది.

నా చిన్నప్పుడు మాకు కారూ లేదు, పల్లకీ లేదు. టాటానగర్‌లో బండెక్కి ఖరగ్‌పూర్‌లో దిగేవాళ్ళం. వంతెన, ట్రంకుపెట్టెలు, మరచెంబు, ఎక్కడ చూసినా తెలుగు మాట్లాడే రైల్వే కూలీలు. ఆ అంతులేని ప్లాట్‌ఫారం మీద దుప్పటి పరుచుకుని మద్రాసు వైపు బండి కోసం కూర్చునేవాళ్ళం. ఆ పెద్ద బండి మమ్మల్ని నౌపడలో దించేసి పోయేది. అక్కడ మాకోసం నారోగేజి బండి ఉండేది, పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను మీద గుణుపురం దాకా వెళ్ళేది. నాన్న కిటికీలోంచి చెయ్యి చాపి తుమ్మకొమ్మల్ని తప్పిస్తుంటే మాకు నవ్వు. తాతయ్య టెక్కలి స్టేషన్లో ఎడ్లబండితో ఎదురుచూసేవాడు. పెద్ద రైలు ఆ రోజుల్లో మా ఇంటి ఛాయలకి రాలేదు. ఆ నారోగేజి 2004లో మూతపడింది, తర్వాత బ్రాడ్‌గేజి వేశారు. మంచిదే, అయినా ఆ ఇంజను కూత నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

కాబట్టి నన్ను అడిగే కుర్రాళ్ళకి నేను చెప్పేది ఇదే. మూడు నాలుగు లక్షల్లో ఒకే చేతి మీద నడిచిన పాత వేగన్ ఆర్ చూడండి. పైకప్పు ఎత్తు, సీటు ఎత్తు, అమ్మ వంగకుండా ఎక్కుతుంది. పిల్లలు, సామాను మరీ ఎక్కువైతే పాత ఈకో. 1196 సీసీ ఇంజను, పక్కకి జరిగే తలుపులు, పెళ్ళికి పనికొచ్చే జాగా. రంగూ, స్క్రీనూ తర్వాత. ముందు బానెట్ ఎత్తండి. రేడియేటరు గొట్టాల్ని వేళ్ళతో నొక్కండి, పెళుసుగా ఉంటే మార్పించండి, ఏడు వందల కిలోమీటర్ల ఎండలో మొదట పగిలేది అదే. ఫ్యాన్ బెల్టు మీద గీతలు చూడండి. టైరు పక్కగోడ మీద తయారీ వారం, సంవత్సరం నాలుగంకెల్లో ఉంటాయి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం. గాడులు ఎంత లోతున్నా ఆ వయసు టైరు నమ్మకండి.

స్టెప్నీ సంగతి మరీ ముఖ్యం. గ్యాసు సిలిండరు పెట్టించుకుని డిక్కీ నింపేసి, స్టెప్నీ ఇంట్లో వదిలి వచ్చేవాళ్ళని చూస్తే నాకు భయం. రాత్రి పదకొండింటికి బారిపదా దాటాక పంక్చరైతే గాలి నింపే చిన్న మిషను ఎంతసేపు కాపాడుతుంది? ఆ దారిలో ఏ ఊరి మెకానిక్‌కైనా మారుతీ సామాను చేతికందే దూరంలో ఉంటుంది. టచ్ స్క్రీన్ బండి చెడితే అతను ల్యాప్‌టాప్ ఉన్నవాడి కోసం ఫోన్ చెయ్యాలి.

పెట్రోలు కూడా చెప్పేస్తాను. జార్ఖండ్ కంటే ఒడిశాలో ఎక్కువ, ఒడిశా కంటే మన ఆంధ్రాలో బాగా ఎక్కువ. ఈ మాట మీద ఇక్కడి హిందీ మిత్రులు నవ్వితే నేను ఊరుకోను, మా రాష్ట్రం కష్టాలు మాకు తెలుసు అని గట్టిగానే అంటాను. కానీ మన కుర్రాళ్ళకి మాత్రం బరంపురంలో ట్యాంకు నిండా కొట్టించుకోమనే చెబుతాను. చిన్న కారుకి 32 లీటర్లు పట్టినా, లీటరుకి పదిహేడు పద్ధెనిమిది ఇచ్చినా, ఆ పెట్రోలుతోనే టెక్కలి చేరి, అత్తగారి ఊరూ మేనత్త ఊరూ తిరిగి, అరసవల్లి దర్శనం చేసుకుని, మళ్ళీ ఇచ్ఛాపురం దాటి బరంపురం బంకుకి వచ్చెయ్యొచ్చు.