సారమేయుడి నోరు

భారతం ఆదిపర్వంలోని సరమ కథ మిత్రులకు గుర్తుండే ఉంటుంది. జనమేజయుడు యాగం చేస్తున్నచోటికి దేవశుని సరమ కొడుకు సారమేయుడు వెళ్ళాడు. రాజు తమ్ముళ్ళు వాణ్ణి కొట్టి తరిమారు. ఆ పసివాడు హవిస్సును నాకలేదు, కనీసం దానివంక చూడనైనా లేదు. తల్లి వచ్చి నిలదీస్తే వారి వద్ద సమాధానమూ లేదు.

2024 మే నెలలో సెలవులకు వచ్చిన మా మనవడు కాలువగట్టున దొరికిన రెండు నెలల కుక్కపిల్లను ఇంటికి తెచ్చినప్పుడు, నేను దానికి ఈ పేరే పెట్టాను. పేరు కుదిరింది గాని పోలిక కుదరలేదు. ఆ సారమేయుడు ఏమీ ముట్టకుండానే దెబ్బలు తిన్నాడు. మావాడు దెబ్బలు తప్ప తిననిదంటూ లేదు.

పేరును కుదించడంలో చిన్న చిక్కు వచ్చిపడింది. "తెల్లవారుజామున వీధిలో నిలబడి సారా, సారా అని కేకలేస్తే నలుగురూ ఏమనుకుంటారండీ?" అని మా ఆవిడ అభ్యంతరం చెప్పింది. న్యాయమే. అందుచేత వీధిలో వాడు ఉత్త మేయుడు. మేయడమే వృత్తిగా గలవాడికి ఆ ముక్కే బాగా అతికింది.

అగ్గిపుల్లలు, గుండీలు, పాలప్యాకెట్టు కత్తిరించిన మూలలు, కొబ్బరిపీచు, మామిడిటెంకలు, వీధిలో ఎవరో విసిరిన కోడి ఎముకలు. నేలమీద ఉన్నదల్లా వాడికి నైవేద్యమే. మనవడు వెంటపడి, దవడలు విడదీసి, వేలు పెట్టి లాగేవాడు. వారం తిరిగేసరికి మేయుడు రెండు విద్యలు నేర్చాడు: ఏదైనా దొరికితే మనిషికి దూరంగా పరుగెత్తడం, మనిషి దగ్గరకు వస్తే నమలకుండా మింగేయడం. మనవడి రబ్బరు ముక్క ఆ విధంగానే లోపలికి పోయి, రెండురోజుల తరువాత యథాతథంగా వెలుపలికి వచ్చింది. ఆ రెండురోజులూ మనవడు అన్నం సరిగా తినలేదు.

నాకు ఇది కొత్త దృశ్యం కాదు. ముప్ఫైమూడేళ్ళు బడిలో బలపాలు తినే పిల్లలను చూశాను. "నోరు తెరువురా" అని ఎవరైనా గద్దిస్తే పిల్లవాడు ముందు చేసే పని గుటుక్కున మింగడం. సుద్ద, మట్టి తినే పిల్లలలో చాలామందికి రక్తహీనత ఉంటుందని బడికి వచ్చే డాక్టర్లు చెప్పేవారు. పశువైద్యుడు కూడా మేయుణ్ణి చూడగానే మొదట అడిగింది నులిపురుగుల మందు గురించే. తరువాత చిగుళ్ళు చూపించారు. కుక్కపిల్లకు 28 పాలపళ్ళు. నాలుగో నెల ప్రాంతంలో అవి రాలడం మొదలై, ఏడో నెలకు 42 పళ్ళు వస్తాయి. ఆ దురదకు ఏదో ఒకటి కొరకక తప్పదు. పైగా దానికి చేతులు లేవు. మనం వేళ్ళతో తడిమి తెలుసుకొనేదాన్ని అది నోటితో తెలుసుకొంటుంది. లాక్కోవద్దు, మార్పిడి చేయండి అన్నారాయన. అంతవరకు వీధిలోకి వెళ్ళేటప్పుడు, దూడ మూతికి కట్టే చిక్కం వంటి బుట్ట, రొప్పడానికీ నీళ్ళు తాగడానికీ వీలున్నది, తొడిగినా తప్పు లేదన్నారు.

మార్పిడికి మాట కావాలి. మా ఇంట్లో అప్పటికి "ఛీ", "వద్దు", "పారెయ్", మనవడి "నో" అన్నీ చెలామణిలో ఉన్నాయి. "వద్దు" అనే మాట పొద్దస్తమానం కూరలవాడినుంచి టీవీ దాకా అందరిమీదా ప్రయోగించి అరిగిపోయింది. ఆలోచించి "విడు" అన్నదాన్ని ఎంచుకొన్నాను. రెండే లఘువులు, ఇంట్లో ఇంకెవరూ దేనికీ వాడని మాట. మారుగా ఇవ్వడానికి ఉడికించిన గుడ్డు ముక్కలు. గుడ్డు మా వంటింటి గడప దాటదు కనుక పెరట్లో వేరే పొయ్యి వెలిసింది.

పాత తువ్వాలు ముడి నోట్లో ఉండగా గుడ్డు ముక్క ముక్కుదగ్గర పెడితే నోరు దానంతట అదే తెరుచుకొనేది. సరిగ్గా ఆ క్షణంలో "విడు". గుడ్డు తిన్నాక ముడిని తిరిగి వాడికే ఇచ్చేవాణ్ణి. ఈ తిరిగి ఇవ్వడమే అసలు కీలకమని నా అభిప్రాయం. విడిచినది పోదని నమ్మకం కుదిరినవాడికి మింగే తొందర ఉండదు. ఇంట్లో కుదిరాక అరుగుమీద, తరువాత వీధిలో, చివరకు గట్టుమీద. జూన్‌లో మొదలుపెడితే గట్టు చేరేసరికి ఆగస్టు వచ్చింది.

ఈ మధ్యలో మా ఆవిడ పెరట్లో చింతపండు ఆరబోయడం కూడా మానవలసి వచ్చింది. ద్రాక్షపండ్లు కుక్కల మూత్రపిండాలను దెబ్బతీయడానికి వాటిలోని టార్టారిక్ ఆమ్లం కారణం కావచ్చునని అమెరికా పశువైద్యులు కొందరు 2021లో ప్రతిపాదించారు. మరుసటి ఏడు చింతపండు తిన్న కుక్కల ఉదంతాలు కూడా ప్రచురించారు. చింతపండు పులుపంతా ముఖ్యంగా ఆ ఆమ్లానిదే. "పులుసులేని ఇంట్లో పుట్టవలసిందిరా నువ్వు" అంటూ ఆవిడ చాపను మేడమీదికి చేర్చింది.

సెప్టెంబరు మొదటివారంలో గట్టుమీద నడుస్తున్నాము. ఒకపక్క కాలువ, ఒకపక్క సార్వా చేలు. మేయుడు గడ్డిలోనుంచి చిన్న కాగితం పొట్లం ఒకటి నోట కరచుకొని తల ఎత్తాడు. డెల్టా రైతులకు చెప్పనక్కరలేదు. నూకలకు నూనె పట్టించి, జింక్ ఫాస్ఫైడ్ కలిపి, పొట్లాలు కట్టి ఎలుక కన్నాలలో పెడతారు. అది కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువవుతుంది. విరుగుడు మందు లేదు. పొట్లం కొసలు వాడి పళ్ళమధ్య కనబడుతున్నాయి. కాళ్ళు పరుగెత్తమంటున్నాయి. నిలబడ్డచోటే నిలబడి, రోజూ అనే గొంతుతోనే "విడు" అన్నాను.

మేయుడు నావంక చూశాడు. పొట్లంవంక చూడడానికి వాడి నోరే అడ్డం. ఒక్క క్షణం ఆలోచించి నేలమీద పెట్టాడు. నా చేతిలోని గుడ్డు మొత్తం వాడికే పోయింది. ఈసారి మాత్రం విడిచినదాన్ని తిరిగి ఇవ్వలేదు. కర్రతో తిప్పి చూస్తే కాగితం తడిసింది గాని చిరగలేదు. లోపల నల్లని నూకలు, వెల్లుల్లి వంటి వాసన.

దారిన పోయే ఒకాయన ఉప్పునీళ్ళు పట్టి కక్కించమన్నాడు. అది వద్దు. ఉప్పు కూడా కుక్కకు విషమే కాగలదు. పొట్లాన్ని సంచిలో వేసుకొని నేరుగా పశువైద్యశాలకు వెళ్ళాను. ఏం తిన్నదో తెలిస్తే వైద్యానికి సగం దారి తెలిసినట్లే. సాయంత్రందాకా ఉంచుకొని, ఏమీ లేదని పంపించారు. ఆ రైతును కనుక్కొని, పొట్లాలు కన్నం లోపలికంటా నెట్టి మట్టి కప్పమని చెప్పివచ్చాను. ఆయనా కుక్కలు పెంచేవాడే, మారుమాట్లాడకుండా నాతోనే వచ్చి గట్టంతా వెదికాడు. ఇంకో రెండు దొరికాయి.

ఇప్పుడు మేయుడికి 42 పళ్ళూ ఉన్నాయి. ఎముకలు, టెంకలు, పొట్లాలు అన్నీ విడుస్తాడు. ఆవుపేడ విషయంలో మాత్రం బేరం తెగడం లేదు. ఒక ముక్కకు కాదు, రెండు ముక్కల గుడ్డుకూ ఒప్పుకోడు. మూడో ముక్క చూపించాలి.